విమానం లేని మెట్లు

మెట్ల బాబాయి సాయంత్రం కాగానే తన పెరట్లో ఉన్న విమానం మెట్లెక్కి, పక్కింటి పార్లరమ్మాయి పెరట్లోకి తొంగి చూస్తాడని వీధిలో ఒక మాట తిరుగుతోంది. ఆ మాట శుద్ధ అబద్ధం. మెట్లెక్కడం నిజం. రోజూ సాయంత్రమే ఎక్కడం కూడా నిజం. తొంగి చూడడం మాత్రం ఎదురింటి దర్జీ తన సొంత గుడ్డ వేసి అతికిన ముక్క. దానికి అంచులు కుట్టి, ఇస్త్రీ చేసి వీధిలోకి వదిలింది మిగతావాళ్ళు.

ఇంటి పెరట్లో విమానం మెట్లేమిటని కొత్తగా విన్నవాళ్ళు అడుగుతారు. అడగాల్సిందే. గేదె ఉందంటే అర్థముంది, పాత స్కూటరుందంటే అర్థముంది. విమానం లేకుండా విమానం మెట్లుండడమేమిటి? అది చెప్పాలంటే పాత విమానాశ్రయం దగ్గర మొదలుపెట్టాలి.

ఇప్పుడు ఊరికి దూరంగా అద్దాల మేడ కట్టారు గానీ, అంతకుముందు ఊరిని ఆనుకునే ఒక విమానాశ్రయం ఉండేది. ఉన్నది ఒకటే హాలు. బస్టాండుకి కాస్త డబ్బున్న అన్నయ్యలా ఉండేది. టిక్కెట్టు చూపించుకోవడం, సంచులు తూకం వేయించుకోవడం, ఏడవడం, ఏడవొద్దని చెప్పడం అన్నీ ఆ హాల్లోనే. విమానాల టైములు నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసేవాళ్ళు. ఆలస్యమైతే అరచేత్తో తుడిచి మళ్ళీ రాసేవాళ్ళు. పొగమంచు పడ్డ రోజున బల్లంతా తుడుపులే మిగిలేవి. జనం సంచులకు తలలానించి నేల మీదే నడుం వాల్చేవాళ్ళు. ఫ్యాన్లు మనసైతే తిరిగేవి. మైకులో చెప్పే మాట మైకు పక్కన నిలబడ్డవాళ్ళకి కూడా తెలిసేది కాదు. చెవులు మందగించిన ముసలివాళ్ళను పోర్టరు పేరుపెట్టి పిలుస్తూ వెతుక్కుని తీసుకుపోయేవాడు. ఇక బాత్రూము సంగతి ఎత్తకపోవడమే మంచిది. ఆ హాలుకంతటికీ ఒక్కటే. దాని గడియ లోపలివాళ్ళకి పడేది కాదు, బయటివాళ్ళకి వచ్చేది కాదు.

అయినా ఆ చోటుకి ఒక అందముండేది. హాలు తలుపు తీస్తే ఎదురుగా నేల. ఆ నేల మీద విమానం. బర్రె కట్టుకొయ్య దగ్గర నిలబడ్డంత దగ్గరగా నిలబడి ఉండేది. ఎక్కబోయే మనిషి దాని చుట్టూ ఉన్న గాలిని పీల్చుకుంటూ, దాని చక్రాలు చూసుకుంటూ, తన కాళ్ళతో తాను నడిచి వెళ్ళి ఎక్కేవాడు. వాన వస్తే తడిసేవాడు. ఎండైతే ఆ సిమెంటు నేల అట్లపెనంలా కాలేది. అయినా వెళ్తున్నానని వాడికి తెలిసేది. పంపించేవాళ్ళకీ తెలిసేది, ఎందుకంటే వాళ్ళంతా హాలు డాబా మీదికెక్కేవాళ్ళు. దాన్నే గ్యాలరీ అనేవాళ్ళు. పిట్టగోడకి కడుపులానించి నిలబడితే, విమానం ఎక్కేవాడి నడినెత్తి నుంచి చెప్పుల దాకా అంతా కనిపించేది. వాడు పైమెట్టు మీద ఆగి, వెనక్కి తిరిగి, డాబా మీద తనవాళ్ళెక్కడున్నారో వెతుక్కుని చెయ్యూపేవాడు. వీళ్ళూ ఊపేవాళ్ళు. తర్వాత వాడు తల వంచుకుని లోపలికి పోయేవాడు. ఆ ఒక్క తిరగడం కోసమే సగం ఊరు ఆ డాబా ఎక్కేది.

ఆ విమానాలకి మెట్లు పెట్టేవాడే మన బాబాయి.

కుర్రతనంలో మార్కెట్లో కూరగాయల బండి తోసేవాడు. నిండు బండిని అంత సందడిలోనూ ఎవరి కాలూ తొక్కకుండా తిప్పుకుపోతుంటే, విమానాశ్రయం మేస్త్రీ చూసి ముచ్చటపడి పనిలో పెట్టుకున్నాడు. ఆ మెట్లు చక్రాల మీద నడిచేవే అయినా ఏనుగుపిల్లంత బరువు. వాటిని తోసుకుంటూ వెళ్ళి విమానం గుమ్మానికి ఆనీ ఆనకుండా నిలపాలి. విమానానికి గీత పడకూడదు. మెట్టుకీ గుమ్మానికీ మధ్య కాలు ఇరుక్కునే సందుండకూడదు. చక్రాలకి చెక్కముక్కలు అడ్డం పెట్టి, కమ్మీ మీద అరచేత్తో రెండు దెబ్బలు వేస్తే, హాలు తలుపు దగ్గరున్నవాళ్ళు జనాన్ని వదిలేవాళ్ళు.

పనిలో చేరిన కొత్తలో ఒకరోజు ఈదురుగాలి వచ్చింది. మెట్లు జానెడు జరిగాయి. పైమెట్టు మీదున్న ఒక ముసలావిడ చెప్పు ఆ సందులోంచి కింద పడింది. ఆవిడకేమీ కాలేదు గానీ, ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు వట్టిగా నిలబడి, "నాయనా, మిగతా నన్ను కూడా కింద పడేస్తావా?" అని అడిగింది. ఆ సమయంలో బాబాయి డాబా మీద ఎవరో పిల్లాడు గాలిపటం పట్టుకున్నాడని అటు చూస్తున్నాడు. మేస్త్రీ తిట్టలేదు. చెప్పు తీసి దులిపి, బాబాయి చేతికిచ్చాడు. "పైకెళ్ళి తొడిగి రా. మెట్ల మీద ఒక్క కాలున్నా సరే, నీ చెయ్యి కమ్మీ మీద, నీ చూపు ఆ కాలి మీద. ఆకాశం ఊడిపడ్డా తలెత్తకు" అన్నాడు.

బాబాయి మళ్ళీ తలెత్తలేదు. ఉద్యోగం ఉన్నంతకాలం ఎత్తలేదు. ఆ మెట్ల మీద పెళ్ళికొడుకులెక్కారు, పేరున్న గాయకులెక్కారు, మంత్రులెక్కారు. ఎవరొచ్చారని ఇంట్లో అడిగితే, "కొత్త బూట్లు. కరుస్తున్నట్టున్నాయి, కుంటుతున్నాడు" అనేవాడు. ఇప్పటికీ బజార్లో ఎవరైనా పలకరిస్తే ముందు కిందికి చూసి, తర్వాత మొహం వెలిగించుకుంటాడు. "ఆఁ, మీరా! మడమ నొప్పి తగ్గిందా?"

ఆ గ్యాలరీ మీద టీ అమ్మే ఆవిడ కూతురే మన పిన్ని. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ పిన్నే. విమానం వెళ్ళిపోయాక బాబాయి పైకొచ్చి టీ తాగేవాడు. గ్లాసు అందుకుంటూ కూడా పిన్ని కాళ్ళకేసే చూసేవాడట. "సంబంధం మాట్లాడ్డానికి వచ్చి కూడా నా మొహం చూళ్ళేదమ్మా. చెప్పుల దుకాణం పెట్టే ఆలోచనేమైనా ఉందా నాయనా అని మా అమ్మ నోరు తెరిచి అడిగింది" అని పిన్ని ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. పెళ్ళయ్యాక, తల్లి పోయాక, టీ కెటిలు పిన్ని చేతికొచ్చింది. ఒకే చోట ఇద్దరికీ పని. ఆయన కింద, ఆవిడ పైన. పొద్దుట కలిసి వెళ్ళేవాళ్ళు, సాయంత్రం కలిసి వచ్చేవాళ్ళు. మధ్యలో పిన్నికి ఆయన పసుపు టోపీ తప్ప కనిపించేది కాదు. ఆయనకి ఆవిడ అసలే కనిపించేది కాదు.

ఆ గ్యాలరీ మీద పిన్ని ఒక అలవాటు చేసుకుంది. ఒకసారి కొత్త చొక్కా వేసుకున్న కుర్రాడొకడు పైమెట్టు మీద ఆగి వెనక్కి తిరిగాడు. డాబా నిండా జనం చేతులూపుతున్నారు. ఒక్క చెయ్యీ వాడికోసం కాదు. వాడు ఆ మూల నుంచి ఈ మూలకి చూశాడు. మొహం చిన్నబోయింది. పిన్ని టీ పొయ్యడం ఆపి, భుజం మీది తుండుగుడ్డ తీసి, బారుగా చెయ్యి చాపి ఊపింది. వాడు ఎవరా అని తెల్లబోయాడు. తర్వాత పళ్ళన్నీ కనబడేలా నవ్వి, చెయ్యూపి లోపలికి వెళ్ళాడు. అంతే. అప్పటినుంచి ఎవరూ పంపడానికి రానివాళ్ళందరికీ పిన్నే చుట్టం. టీ చల్లారిపోతోందని గిరాకీలు గొణిగితే, "ఆగవయ్యా, మావాడు వెళ్తున్నాడు" అనేది. "మీవాడా? ఏమవుతాడు?" అంటే, "విమానం ఎగిరేదాకా మేనల్లుడు" అనేది.

అంత చేసినా పిన్ని పాత విమానాశ్రయం గొప్పదని ఎప్పుడూ అనదు. ఎవరైనా ఆ రోజులే వేరని మొదలుపెడితే, "ఆ బాత్రూం ముందు ఒక పూట నిలబెడితే తెలుస్తుంది వేరో కాదో" అని నోరు మూయిస్తుంది. నడవలేనివాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకుంటూ ఆ మెట్లెక్కిస్తుంటే, కుర్చీలో మనిషి సిగ్గుతో కళ్ళు మూసుకునే తీరు చూసింది ఆవిడ. వానలో చంటిబిడ్డను కొంగు కింద దాచుకుని పరిగెత్తిన తల్లులను చూసింది.

అందుకే కొత్తది కట్టినప్పుడు సంతోషించింది. కూతురు నర్సు. పెళ్ళై ఈ ఊళ్ళోనే ఉంటుంది. ఏదో శిక్షణ కోసం కొన్నాళ్ళు వేరే ఊరు వెళ్ళాల్సివస్తే, పంపడానికి పిన్నీ బాబాయీ కొత్త విమానాశ్రయానికి వెళ్ళారు. నేల అద్దంలా ఉంది. చల్లగా ఉంది. మెట్లు వాటంతటవే కదులుతున్నాయి. చక్రాల కుర్చీలు వరసగా ఉన్నాయి. "మర్యాదంటే ఇదీ" అంది పిన్ని. ఇంతలో లోపలి గుమ్మం దగ్గర పోలీసు, టిక్కెట్టు లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవాలన్నాడు. కూతురు లోపలికి వెళ్ళింది. నాలుగడుగులు కనబడింది. ఒక స్తంభం అడ్డమొచ్చింది. తర్వాత లేదు. ఎక్కడ ఆగి వెనక్కి తిరగాలో తెలియక పిల్ల అలాగే వెళ్ళిపోయింది. పిన్ని చేతిలో తుండుగుడ్డ చేతిలోనే ఉండిపోయింది.

బాబాయి ఆ అద్దాల్లోంచి లోపలి గొట్టాన్ని చూశాడు. హాల్లోంచి విమానం గుమ్మం దాకా వెళ్ళే గొట్టం. లోపల ఎవడో మీట నొక్కితే అదే పొడుగ్గా సాగి విమానానికి అతుక్కుంటోంది. "బాగా ఆనింది" అన్నాడు. ఆయనకి ఉద్యోగం ముగిసే వయసెలాగూ వచ్చింది. కోపమూ లేదు, ఫిర్యాదూ లేదు.

పాతదాన్ని మూసేశాక, సామానంతా పాత ఇనుము వ్యాపారి ఎత్తుకుపోతున్నాడని కబురొచ్చింది. బాబాయి సైకిలెక్కి వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు సైకిలు లేదు. మెట్లున్నాయి. అల్లుడూ, పాత పోర్టర్లిద్దరూ తలో చెయ్యీ వేసి, మిట్టమధ్యాహ్నం బజారులోంచి వాటిని తోసుకొచ్చారు. బస్సులు ఆగిపోయాయి. పూలకొట్టువాడు, "బాబాయ్, మరి విమానమేదీ?" అని అరిచాడు. "వెనకొస్తోంది, తప్పుకో" అన్నాడు అల్లుడు. నలుగురు నిజంగానే వెనక్కి తిరిగి చూశారు.

గుమ్మంలో నిలబడ్డ పిన్నికి నోట మాట రాలేదు. వచ్చాక ఆగలేదు.

"సైకిలిచ్చి మెట్లు తెచ్చావా? ఏవయ్యా, సైకిలెక్కితే మార్కెట్టుకన్నా వెళ్ళొచ్చు. ఇదెక్కి ఎక్కడికి పోతావు?"

"ఎక్కడికీ పోను" అన్నాడు బాబాయి, మెట్లను పెరటిగోడ వారగా నిలిపి, చక్రాలకి చెక్కముక్కలు పెడుతూ.

"పోకపోతే మెట్లెందుకు?"

"ఉండనీవే."

ఉండనిచ్చింది. కింది మెట్ల మీద పూలకుండీలు పెట్టుకుంది. వీధి పిల్లలొచ్చి టిక్కెట్టు టిక్కెట్టు అని ఆడుకున్నారు. బాబాయి మాత్రం రోజూ సాయంత్రం, ఎండ పసుపెక్కే వేళకి, తల దువ్వుకుని, టోపీ పెట్టుకుని, నెమ్మదిగా పైమెట్టుకి ఎక్కేవాడు. కాసేపు నిలబడి దిగేవాడు. ఆ వేళకి పిన్ని డాబా మీద దండెం దగ్గర ఉండేది. ఆరిన బట్టలు ఒక్కొక్కటీ తీసి, ఫటఫటా దులిపి, మడతపెట్టడం ఆవిడ సాయంకాలపు పని. మెట్ల వెనకే పొద్దు గుంకేది. ఎదురెండలో పిన్నికి పైమెట్టు మీద నల్లగా ఒక ఆకారం, దాని మీద టోపీ కనబడేవి. అంతే. కొత్త విమానాశ్రయం కూడా అటువైపే. దానికేసి చూసుకుంటున్నాడు కాబోలు, అక్కణ్ణించి లేచే విమానాలు చూసి ప్రాణం కుదుటపరచుకుంటున్నాడు కాబోలు అనుకుంది. ఎప్పుడూ అడగలేదు. మనిషి దిగులు ఒంటరిగా దిగమింగుకుంటుంటే గరిటె పెట్టి కెలకడమెందుకని.

దర్జీకి అంత ఓపిక లేదు. అతని మిషను దగ్గర కూర్చుంటే బాబాయి మెట్లెక్కడం కనిపిస్తుంది గానీ, పైమెట్టు మాత్రం పార్లరు బోర్డు చాటున పడుతుంది. అంటే దర్జీ చూపుకి బాబాయి రోజూ సాయంత్రం ఎక్కి, ఎక్కి, పార్లరు బోర్డు వెనక మాయమైపోతాడు. బోర్డు మీద నవ్వుతున్న అమ్మాయి బొమ్మ కూడా ఒకటుంది. ఇంకేం కావాలి? జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చినావిడతో, "ఈ వయసులో ఇదేం పాడుబుద్ధండీ" అన్నాడు. ఆవిడ ముక్కున వేలేసుకుని ఇంటికెళ్ళింది. వారం తిరిగేసరికి పార్లరుకి గిరాకీలు పలచబడ్డాయి. మొహానికి ముల్తానీ మట్టి రాసుకుని కూర్చుంటే పైనుంచి ఎవరో చూస్తారని ఎవరొస్తారు?

పార్లరమ్మాయి పాపం మంచిది. సందులోంచి వచ్చి, పిన్ని పక్కన కూర్చుని, గోళ్ళు గిల్లుకుంటూ అంది.

"పిన్నీ, నేనేమీ అనుకోవట్లేదు. బాబాయ్ నాకు తండ్రిలాంటివాడు. నా పెరట్లో ఏముంది చూడ్డానికి, తడి తువ్వాళ్ళు తప్ప? కానీ నా పొట్ట కొడుతున్నారు పిన్నీ జనం."

"నువ్వేడవకు. ఏడిస్తే నీ కాటుక కారుద్ది, మళ్ళీ అదొకటి కథ కడతారు" అంది పిన్ని. పైకి అలా అంది గానీ, ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు వీధి సంఘం ప్రెసిడెంటు గారు వచ్చారు. ఆయన మంచివారే గానీ, ప్రెసిడెంటు అయినప్పటినుంచి ఇంట్లో కూడా మీటింగులో మాట్లాడినట్టే మాట్లాడతారు.

"చూడండి బాబాయి గారూ. సంఘం దృష్టికి ఒక విషయం వచ్చింది. ఆ మెట్లు ఎందుకెక్కుతున్నారో సభ్యులకి తెలియాలి."

బాబాయి ప్రెసిడెంటు గారి చెప్పులకేసి చూశాడు. "ఏం లేదండీ. ఊరికే."

"ఊరికే ఎవరైనా మెట్లెక్కుతారా?"

"ఎక్కుతారండీ."

"కారణం చెప్పండి. సబబుగా ఉంటే ఉంచేద్దాం. లేకపోతే ఆదివారం సాయంత్రం ఇనుము లారీ వస్తుంది. ఆపైన నా చేతుల్లో లేదు."

బాబాయి చెవులు ఎర్రబడ్డాయి. చెప్పబోయినట్టు పెదవులు కదిలాయి. గుమ్మంలో పిన్ని, గోడవతల దర్జీ, గేటు దగ్గర ఇద్దరు ముగ్గురు. ఆయన మళ్ళీ తల దించేసుకున్నాడు. "తీసుకుపొండి" అన్నాడు.

ఆ మాటతోనే పిన్నికి గుండెలో ముల్లు దిగింది. తప్పు లేనివాడు అంత తేలిగ్గా ఇచ్చేస్తాడా? ఛీ ఛీ, అని తన్ను తాను తిట్టుకుంది. అన్నేళ్ళు కాపురం చేసిన మనిషి. కానీ ముల్లు ముల్లే. ఇంకో పక్క, లారీ పేరెత్తినప్పటినుంచి ఆ మనిషి తీరు చూడలేకపోతోంది. టీ గ్లాసు చేతిలో పెడితే పట్టుకుని కూర్చుంటాడు. తాగడు. సాయంత్రం తల దువ్వుకుంటాడు. టోపీ పెట్టుకోడు. పెరట్లోకి వెళ్ళి కమ్మీ మీద చెయ్యేసి కాసేపు నిలబడి వచ్చేస్తాడు. ఆ మెట్లు పోతే మనిషి కూడా వాటితోపాటే కొంత పోతాడని పిన్నికి అర్థమైంది. పరువు ఒక పక్క లాగుతోంది, మొగుడు ఒక పక్క లాగుతున్నాడు. ఈ రెండూ ఒకే పక్కకి రావాలంటే ఏం చెయ్యాలో శనివారం దాకా ఆలోచించింది.

ఆదివారం సాయంత్రం లారీ వచ్చింది. వెనకాలే ప్రెసిడెంటు గారు, సభ్యులు, సభ్యులు కానివాళ్ళు అందరూ వచ్చారు. దర్జీ మెడలో టేపుతోనే వచ్చాడు. ఇద్దరు కూలీలు తాళ్ళు పట్టుకుని ముందుకొచ్చేసరికి, పిన్ని కుండీలు పక్కకి జరిపి, కొంగు నడుముకి దోపింది.

"ఆగండి. ముందు నేనెక్కుతాను."

"నువ్వా?" అన్నాడు బాబాయి. "నీ మోకాళ్ళు?"

"నా మోకాళ్ళ సంగతి నాకు తెలుసు. వీధంతా ఈ మెట్ల మీద నుంచి ఏం కనబడుతుందో చెబుతోంది, ఒక్కళ్ళూ ఎక్కి చూసిన పాపాన పోలేదు."

పిన్ని మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. పెట్టీ పెట్టగానే బాబాయి ఒంట్లోకి పాత ఉద్యోగం వచ్చేసింది. వంగి చెక్కముక్కలు సరిచూశాడు. కమ్మీ మీద చెయ్యి బిగించాడు. చూపు పిన్ని పాదాల మీద నిలిపాడు.

"కుడి కాలు ముందు పెట్టు. ఎడమది వెనకాల తెచ్చుకో. తొందర లేదు."

"విమానం పోదా?"

"నువ్వెక్కందే పోదు."

కింద జనం నవ్వారు. పిన్ని కూడా నవ్వింది గానీ ఊపిరందలేదు. అన్నేళ్ళు ఎదురుగా చూసిన మెట్లు. ఎక్కడం ఇదే మొదలు. పైమెట్టు చేరి కమ్మీ పట్టుకుని నిలబడి, ముందుకి చూసింది. పార్లరు పెరటికి అడ్డంగా వసారా రేకుల కప్పు. తుప్పు పట్టిన రేకులు, వాటి మీద ఒక నీళ్ళ ట్యాంకు, ట్యాంకు మీద ఒక పిల్లి. పెరటి నేల కాదు కదా, ఒక తువ్వాలు అంచు కూడా కనబడదు.

"ప్రెసిడెంటు గారూ, మీరు కూడా ఒకసారి పైకి దయచెయ్యండి. సభ్యుల తరఫున" అంది పిన్ని.

ప్రెసిడెంటు గారు సగం దాకా హుందాగానే ఎక్కారు. సగంలో కిందికి చూశారు. అంతే, కాళ్ళు అంటుకుపోయాయి. బాబాయి కింది నుంచి ఆయన చెప్పులతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"సార్, వేళ్ళు బిగించకండి. వదులుగా పెట్టండి. కిందికి నేను చూస్తాను, మీరు పైకి చూడండి. ఆఁ, ఇంకొకటి."

ప్రెసిడెంటు గారు పైకి చేరి, రేకులు చూశారు, ట్యాంకు చూశారు, పిల్లిని చూశారు. పిల్లి కూడా ఆయన్ని చూసింది. గొంతు సవరించుకున్నారు.

"సభ్యులందరికీ తెలియజేయడమేమనగా, ఇక్కణ్ణించి ఏమీ కనబడదు."

"నేను ముందే చెప్పాను" అంది పార్లరమ్మాయి గోడవతల నుంచి.

"దర్జీ గారూ, మీరూ ఎక్కుతారా?" అని అడిగింది పిన్ని.

"గిరాకీ ఉందండీ" అని దర్జీ టేపు చుట్టుకుంటూ వెళ్ళిపోయాడు. లారీ వాడు మాత్రం వట్టి చేతులతో పోనని మొండికేశాడు. ప్రెసిడెంటు గారు పరువు దక్కించుకోవడానికి తన ఇంటి పాత ఇనుప గేటు ఎక్కించి పంపించారు. వాళ్ళావిడకి అది ఇష్టమైన గేటట. ఆ గొడవ వేరే.

జనం పలచబడ్డాక కూడా పిన్ని పైమెట్టు మీదే ఉంది. దిగడానికని వెనక్కి తిరిగింది. పొద్దు ఇప్పుడు ఆవిడ వీపు వెనక ఉంది. వెలుగంతా ఎదురుగా పడుతోంది. ఎదురుగా తమ డాబా. ఇంత దగ్గరా, ఇంత స్పష్టంగానా అనుకుంది. దండెం మీద తన చీర, ఆయన చొక్కాలు, దుప్పటి. మూలన మడతలు పెట్టుకోవడానికి తను వేసుకునే పీట. ఆ డాబా మీద అంతకుమించి ఏమీ లేదు. కొత్త విమానాశ్రయమా, అది ఎక్కడో వీపు వెనక ఉంది. ఇటు తిరిగిన మనిషికి అది కనబడే ప్రసక్తే లేదు.

నెమ్మదిగా దిగింది. ఒక్కో మెట్టుకీ బాబాయి చూపు ఆవిడ పాదంతో పాటే దిగింది. కింది మెట్టు మీద కూర్చుని మోకాళ్ళు రాసుకుంది. ఆయన చేతులు ఇంకా కమ్మీ మీదే ఉన్నాయి.

"ఇంక వదిలెయ్యవయ్యా, దిగేశాగా."

వదిలాడు.

"నువ్వు పైకెక్కి ఎటు తిరుగుతావు?"

బాబాయి గడ్డంతో డాబా వైపు చూపించాడు.

"కొత్తదాని వైపు కాదా?"

"కాదు."

"మరి అక్కడేముంది, నా పీట తప్ప? వాళ్ళందరికీ చెప్పకపోతే పోనీ. నాకు చెప్పు. రోజూ ఎక్కి ఏం చూస్తున్నావు?"

బాబాయి ఆవిడ పాదాలకేసి చూశాడు. తర్వాత, ఎప్పుడూ లేనిది, తలెత్తి మొహంలోకి చూశాడు.

"ఎవరూ పంపడానికి రానివాళ్ళ పాదాలు నాకు తెలిసేవే. పైమెట్టు మీద వెనక్కి తిరిగేవి. అటూ ఇటూ కదిలేవి. ఇంకెవరూ లేరన్నట్టు లోపలికి మళ్ళబోయేవి. అంతలోనే ఆగి, మడమలు లేచేవి, మునివేళ్ళ మీద నిలబడేవాళ్ళు. పైన నువ్వు తుండుగుడ్డ ఊపావని నాకప్పుడు తెలిసేది. అన్నేళ్ళూ అలా తెలియడమే గానీ, నేనొక్కసారి కూడా చూళ్ళేదే. సాయంత్రం నువ్వు బట్టలు తీస్తూ ఒక్కోటీ దులుపుతావు చూడు... పైమెట్టు మీద నిలబడితే, అది నాకే ఊపుతున్నట్టుంటుంది."